‘చియన్ చియూ’ మంచిచెడ్డలు: ఒక చైనా చారిత్రక ప్రేమ నవల

క్రీస్తుశకం 570ల నాటికి చైనా మూడు ముక్కలుగా ఉంది. ఉత్తరాన పడమటి వైపు చౌ రాజ్యం, తూర్పు వైపు చీ రాజ్యం, యాంగ్‌ట్సీ నదికి దక్షిణాన చెన్ రాజ్యం. వీటన్నిటికీ పైన గడ్డి మైదానాల్లో తుర్కులు. చౌ, చీ రెండూ వాళ్లకు పట్టుబట్టలు పంపి మంచి చేసుకునేవి. చౌ చక్రవర్తి యూవెన్ యోంగ్ పట్టపురాణి తుర్కు ఖాన్ కూతురే. మన దగ్గర విష్ణుకుండినులు వేంగి నుంచి తెలంగాణ దాకా ఏలుతున్న కాలమది. మెంగ్ షీ షీ అనే కలం పేరుతో రాసే చైనా రచయిత్రి నవల ‘చియన్ చియూ’కు రంగస్థలం ఈ కాలమే. ఇందులో నాయకులు ఇద్దరు, ఇద్దరూ మగవాళ్లు, ప్రేమ కూడా వాళ్లిద్దరి మధ్యనే. చైనాలో ఈ తరహా సాహిత్యాన్ని డాన్‌మే అంటారు.

డాన్‌మే నవలలు రాసేవాళ్లలోనూ చదివేవాళ్లలోనూ ఆడవాళ్లే ఎక్కువ. జపాన్ నుంచి వచ్చిన బొమ్మల కథల ప్రభావంతో 1990లలో మొలకెత్తిన ఈ ప్రక్రియకు 2003లో మొదలైన జిన్‌జియాంగ్ అనే సాహిత్య వేదిక పెద్ద పందిరి అయింది. అక్కడ నవల రోజుకో అధ్యాయం చొప్పున సీరియల్‌గా వస్తుంది. మొదటి కొన్ని అధ్యాయాలు ఉచితం, ఆ తర్వాతివి వెయ్యి అక్షరాలకు ఇంత అని డబ్బు కట్టి చదవాలి. 1960లు, 70లలో తెలుగు వారపత్రికలను నిలబెట్టిన రచయిత్రుల సీరియళ్లు గుర్తున్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. శుక్రవారం వచ్చే సంచిక కోసం ఇల్లంతా వంతులు వేసుకున్న రోజులవి. డాన్‌మే బలాలూ బలహీనతలూ చాలావరకు ఆ సీరియళ్ల బలాలూ బలహీనతలే.

2021 డిసెంబరు నుంచి ఒక అమెరికన్ ప్రచురణ సంస్థ ఈ నవలల అధికారిక ఇంగ్లీషు అనువాదాలను అచ్చు వేయడంతో చైనీస్ రాని పాఠకులకూ ఇవి అందుబాటులోకి వచ్చాయి. ‘చియన్ చియూ’ 2023లో ఇంగ్లీషులో మొదలై ఐదు సంపుటాలుగా వెలువడింది. తెలుగులోకి ఇంకా రాలేదు. కాబట్టి హైదరాబాదు పాఠకుల చేతికి వచ్చేది ఇంగ్లీషు ప్రతి. చైనీస్ నేర్చి మూలమే చదవాలనుకునేవాళ్లకు దారి తార్నాకలో ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా పుట్టి, 1970లలో సీఫెల్‌గా పేరు మారి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూలో జపనీస్, కొరియన్‌లతో పాటు చైనీస్ కూడా నేర్పుతారు. పాతకాపులు ఇప్పటికీ సీఫెల్ అనే అంటారు. దానికి ఆనుకునే ఉన్న ఉస్మానియా 1918 నాటిది. అక్కడి తెలుగు శాఖ చుట్టూ పెరిగిన సాహిత్య చర్చ ఈ చైనా నవలను తూచడానికి మంచి తూకంరాళ్లే ఇచ్చింది.

ముందు కథ. షువాన్‌డు పర్వతం మీద ఒక తావో మఠం. దాని పీఠాధిపతి షెన్ చియావ్. ఇరవై ఏళ్ల క్రితం ఆయన గురువు చీ ఫెంగ్‌గె, తుర్కుల మహావీరుడు హులుగును ద్వంద్వ యుద్ధంలో ఓడించి, ఇరవై ఏళ్ల పాటు ఇటు కాలు పెట్టనని మాట తీసుకున్నాడు. గడువు తీరింది. హులుగు శిష్యుడు కున్‌యె వచ్చి సవాలు విసిరాడు. ఆ పోరులో షెన్ చియావ్ కొండ శిఖరం నుంచి లోయలో పడతాడు. తర్వాత తెలుస్తుంది, ఆయనకు ముందే సొంత మఠంలోని తోటి శిష్యుడే విషం పెట్టాడని. కింద దొరికిన మనిషిని బతికించేవాడు యన్ వుషి. లోకం ‘రాక్షస పంథా’ అని పిలిచే వర్గానికి నాయకుడు, పదేళ్ల ఏకాంత సాధన ముగించుకుని అప్పుడే బయటికొచ్చినవాడు. దయతో బతికించడు. మనుషులందరూ లోపల స్వార్థపరులే అన్నది అతని సిద్ధాంతం. కళ్లు దాదాపు పోయి, జ్ఞాపకం చెదిరి, బలం ఉడిగిన ఈ సాత్వికుణ్ని ఎంత నొక్కితే ద్వేషం బయటికి వస్తుందో చూడాలన్నది అతని పంతం. నవలంతా ఆ పంతం ఓడిపోయే కథ.

ఏ చారిత్రక నవలనైనా పరీక్షించేందుకు ఒక సులువైన ఉపాయముంది. చరిత్రను తీసేసి కథను మరో కాలంలో పెట్టి చూడాలి. కథ చెక్కుచెదరకుండా నడిస్తే అక్కడ చరిత్ర ఉత్త తెర. డాన్‌మేలో అచ్చంగా ఈ రకమే ఎక్కువ. పొడుగు చేతుల అంగీలు, కత్తులు, పేరు లేని రాజవంశాలు, అంతే. బాగా పేరొచ్చిన మో షియాంగ్ తోంగ్ షియూ నవలల్లో సైతం ప్రపంచం పూర్తిగా కల్పితం. ‘చియన్ చియూ’ ఆ పరీక్షలో నెగ్గుతుంది. యూవెన్ యోంగ్ 572లో పెత్తనం చేస్తున్న తన పెదనాన్న కొడుకు యూవెన్ హును చంపించి అధికారం చేజిక్కించుకోవడం, 574లో బౌద్ధ, తావో మతాలు రెంటినీ నిషేధించడం, 577లో చీ రాజ్యాన్ని జయించడం, మరుసటి ఏడే చనిపోవడం చరిత్ర. నవలలోని ముఠాలు, మఠాలు ఈ సంఘటనల చుట్టూనే కదులుతాయి. బౌద్ధ భిక్షువు షూయెతింగ్ పాత పెత్తందారు నీడలో వెలిగినవాడు, కొత్త చక్రవర్తి రాగానే పలుకుబడి పోగొట్టుకున్నాడు. కన్ఫ్యూషియన్ విద్యాపీఠం పెద్ద దక్షిణాన చెన్ రాజ్యం పక్షం. యన్ వుషి చక్రవర్తి పక్షం. రాజ్యాలన్నీ ఒక్కటి కావాలంటే ఎవరిని బలపరచాలన్న ప్రశ్న వీళ్లందరికీ బతుకు ప్రశ్న.

రచయిత్రి చదువు చిన్న చిన్న చోట్ల బయటపడుతుంది. తర్వాత 581లో సుయి వంశాన్ని స్థాపించి, 589లో చెన్‌ను కూడా కలిపి చైనాను ఏకం చేసిన యాంగ్ జియాన్ ఈ నవలలో పులియురు జియాన్ అనే పేరుతో తిరుగుతాడు. అది అతని కుటుంబానికి షియెన్‌బీ తెగకు చెందిన ఉత్తరాది పాలకులు ఇచ్చిన ఇంటిపేరు. సింహాసనం ఎక్కే ముందు గానీ అతను మళ్లీ యాంగ్ కాలేదు. కాలం తెలియనివాడు మొదటి పుటలోనే ‘సుయి చక్రవర్తి’ అని తగిలించేవాడు. చరిత్ర తెలిసిన పాఠకుడు మాత్రం ఈ పేరు కనపడగానే ఉలిక్కిపడి, మిగతా పాత్రలకు తెలియనిది తనకు తెలిసినందుకు లోపల సంబరపడతాడు. నోరి నరసింహశాస్త్రి ‘నారాయణభట్టు’, ‘రుద్రమదేవి’ చదివినవాళ్లకు ఈ సంబరం కొత్తది కాదు.

ఇంకా లోతైన అల్లిక ‘ఝూయాంగ్ త్సె’ అనే ఐదు సంపుటాల గ్రంథం. దాన్ని రాసినవాడుగా నవల చెప్పే తావో హోంగ్‌జింగ్ నిజమైన మనిషి, 456 నుంచి 536 దాకా జీవించిన తావో పండితుడు. గ్రంథం కల్పన. బౌద్ధ, తావో, కన్ఫ్యూషియన్ సాధనలు మూడింటినీ ఒకచోట కలిపిన ఆ పుస్తకం ముక్కలై తలా ఒక చోట చిక్కుకుంది, దేశం చీలినట్టే. సంపుటాల వేట పైకి మామూలు కత్తి కథల నిధి వేటలా ఉంటుంది. కానీ ఎవరి దగ్గర ఏ భాగముందో చూస్తే రాజకీయ పటం కళ్లముందు నిలుస్తుంది. మూడు పంథాలనూ కలపగలిగినవాడే బలపడతాడన్న కథాసూత్రం, దేశాన్ని కలపగలిగినవాడే నిలుస్తాడన్న చరిత్రతో ఎక్కడా పైకి చెప్పకుండా కలిసిపోయింది. నవలలో అన్నిటికన్నా మెచ్చుకోవలసిన పనితనం ఇదే.

ఈ చదువుకు మూల్యమూ ఉంది. మొదటి సంపుటంలో పేర్ల జడివాన. ఒక్కో మనిషికి ఇంటిపేరు, పిలుపు పేరు, బిరుదు, వర్గం, గురువు. ఒక సత్రంలో పక్క బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు బాటసారులు వెనకాముందూ లేకుండా లోక రాజకీయమంతా మాట్లాడుకోవడం, నాయకుడు చెవి ఒగ్గడం మళ్లీ మళ్లీ వచ్చే కిటుకు. సంభాషణ పేరుతో పాఠం చెప్పడం చారిత్రక నవలల పాత జబ్బే, విశ్వనాథ పురాణ వైర గ్రంథమాలలోనూ పుటలకు పుటలు అలా నడుస్తాయి. తేడా ఏమిటంటే విశ్వనాథ ఆ పాఠంలోనే దెబ్బలాడతాడు, అందులో ఒక వేడి ఉంటుంది. ఇక్కడిది ఉత్త సమాచారం.

అంతకంటే పెద్ద లోపం చూపులో ఉంది. తుర్కులు ఇందులో బయటి ప్రమాదం మాత్రమే. వచ్చి సవాలు చేస్తారు, కుట్ర పన్నుతారు, ఓడిపోతారు. చౌ పాలకులే షియెన్‌బీ సంతతి, వాళ్ల రాణి తుర్కు ఆడపడుచు. ‘మనవాళ్లు’, ‘పరాయివాళ్లు’ అన్న గీత ఆ కాలంలో ఎంత చెరిగిపోయి ఉండేదో రచయిత్రికి తెలియనిది కాదు. చౌ వంశం విషయంలో ఆ సంక్లిష్టతను ఒప్పుకుంటుంది. గడ్డి మైదానం వైపు తిరిగేసరికి చూపు మొద్దుబారుతుంది. ఇక్కడ తెలుగు పాఠకుడికి తెన్నేటి సూరి ‘చెంఘీజ్‌ఖాన్’ జ్ఞాపకం రాక తప్పదు. చరిత్ర పుస్తకాలన్నీ రక్తపిపాసి అన్న మనిషిని తెగల బతుకులోంచి, ఆకలిలోంచి, అవమానంలోంచి చూపిన నవల అది. గుడారం లోపలి నుంచి లోకం ఎలా కనిపిస్తుందో మన భాషలో ఏనాడో రాసి ఉంది. హులుగు అంతటి పాత్రకు అలాంటి ఒక్క అధ్యాయం దక్కి ఉంటే చివరి యుద్ధం బరువు రెట్టింపయ్యేది.

ప్రేమకథ విషయానికి వస్తే నాయక లక్షణాలు చెప్పిన మన లాక్షణికుల పదాలు చక్కగా అతుకుతాయి. కాకతీయుల ఆస్థానంలో విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’లో చెప్పిన నాలుగు రకాల నాయకుల్లో షెన్ చియావ్ ధీరశాంతుడు, యన్ వుషి ధీరోద్ధతుడు. ఇద్దరు నాయకులూ ఒకరికొకరు శృంగారానికి ఆలంబనమవుతారని విద్యానాథుడు అనుకుని ఉండడు. కానీ విరుద్ధ స్వభావాల రాపిడిలోంచి రసం పుట్టించడం పాత విద్యే. శాంతుడంటే మెతకవాడు కాదని చూపడంలో ఈ నవల గట్టిది. షెన్ చియావ్ ప్రతిసారీ మోసపోతాడు. తను తిండి పెట్టి ఆదుకున్న బీద కుర్రవాడు చెన్ గోంగ్ అవసరం రాగానే అతన్ని ఒక కాముకుడైన దొర వైపు తోసి తప్పుకుంటాడు. అయినా తర్వాత దారిలో ఆపదలో ఉన్నవాడు కనిపిస్తే షెన్ చియావ్ ఆగుతాడు. అమాయకత్వంతో కాదు, లోకం ఎలాంటిదో తెలిసి ఆగుతాడు. మంచివాణ్ని విసుగు పుట్టకుండా రాయడం కథకులకు కష్టమైన పని. ఇక్కడ అది కుదిరింది.

నవల మొత్తానికి ఇరుసు లాంటి సన్నివేశం ఒకటుంది. కొంతకాలం కలిసి ప్రయాణించి, షెన్ చియావ్‌కు మెల్లగా నమ్మకం ఏర్పడుతున్న వేళ, యన్ వుషి అతన్ని తీసుకువెళ్లి సాంగ్ జింగ్‌షింగ్ అనే క్రూరుడికి అప్పగించేస్తాడు. తనకు మిత్రులు అక్కర్లేదు, సమవుజ్జీ అయిన ప్రత్యర్థి తప్ప ఎవరూ లెక్కలోకి రారు అన్నది అతని తర్కం. షెన్ చియావ్ ఏడవడు, బతిమాలడు. ఎన్నేళ్లుగానో కూడబెట్టిన తన సాధనా బలాన్నంతా తానే బద్దలు కొట్టి, ఆ ఒక్క పేలుడుతో శత్రువును చావు అంచుకు నెట్టి, తాను ఏమీ మిగలని మనిషై పడిపోతాడు. బైలోంగ్ అనే పేద మఠంలో ఒక ముసలి తావో గురువు, ఇద్దరు పిల్లలు అతన్ని దాచి సాకుతారు. మఠంలో గంజికి కూడా లెక్క చూసుకునే పరిస్థితి. తరుముతూ వచ్చినవాళ్ల చేతిలో ఆ గురువు, ఇద్దరు పిల్లల్లో పెద్దవాడు చనిపోతారు. చిన్నవాడు షివు ఒక్కడే మిగిలి షెన్ చియావ్ చెయ్యి పట్టుకుని బయలుదేరతాడు. కొన్ని పుటల ఈ మఠం ఘట్టం నవలకు మకుటం. ఇక్కడ మహావీరులు లేరు, పెద్ద మాటలు లేవు.

దీని తర్వాతే అసలు చిక్కు. యన్ వుషి మీద ఐదుగురు మహావీరులు కాపు కాసి దాడి చేస్తారు. చచ్చి బతికిన అతని మనసు ముక్కలై, వేర్వేరు మనుషుల్లా ప్రవర్తిస్తాడు. అందులో ఒకడు సౌమ్యుడు, మాట తక్కువ, షెన్ చియావ్ అంటే ప్రాణం. షెన్ చియావ్ ఈ చెదిరిన మనిషిని వెంటబెట్టుకుని కాపాడతాడు. పాఠకుల మనసు కరిగేది ఇక్కడే. విమర్శకుడు నిలబడి అడగవలసిందీ ఇక్కడే. ద్రోహం చేసినవాడు ఒకడు, ముద్దొచ్చేవాడు అతని ముక్క ఒకటి. యన్ వుషి తన పూర్తి తెలివితో, పూర్తి అహంకారంతో చేసినదాన్ని ఎదుర్కోవలసిన చోట రచయిత్రి మతిచాంచల్యాన్ని అడ్డం పెట్టి దాటేసింది. అతను కోలుకున్నాక మారిన మనిషే, ప్రేమ నిజమే. అయినా బైలోంగ్ మఠంలో ఇద్దరి చావుకు తన పందెమే మొదటి కారణమన్న బరువు అతని మనసులో దిగినట్టు నవల చూపదు. క్షమ షెన్ చియావ్ స్వభావం కాబట్టి క్షమించాడు, బాగుంది. ఆ క్షమకు తగిన పశ్చాత్తాపం ఎదుటివాడి వైపు నుంచి రాకపోవడంతో తక్కెడ ఒకవైపే ఒరిగింది.

ఇదేదో చైనా వింత అనుకోనక్కర్లేదు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ రాజశేఖరం నుంచి అహంకారి నాయకుణ్ని మన పాఠకురాళ్లు తరాల తరబడి ఆరాధించారు. మాటల తూటాలు పేల్చే ధనవంతుడు చివరికి మెత్తబడతాడన్న హామీ మీదే ఆ నవలలు నడిచాయి. అయితే అక్కడ నాయిక ఆత్మాభిమానానికి తగిలేవి మాటలు, అపార్థాలు. ఇక్కడ తగిలేది మరణం. ఒకే సూత్రాన్ని అంత పెద్ద నేరానికి వర్తింపజేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఔచిత్యం అన్న మాట మన అలంకార శాస్త్రంలో ఊరికే లేదు.

శృంగారం విషయంలో నవల చూపిన నిగ్రహం మాత్రం ఉస్మానియా వైపు నుంచి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ తెలుగు ఆచార్యుడిగా పనిచేసిన రాయప్రోలు సుబ్బారావు అమలిన శృంగారాన్ని ప్రతిపాదించాడు. దేహ సంబంధం లేని ప్రేమ తక్కువది కాదని, వియోగంలోనూ స్నేహంగా నిలవగలదని ‘తృణకంకణం’ నాటి నుంచి చెప్పాడు. ‘చియన్ చియూ’ ఆ కోవలోకి పూర్తిగా రాదు. యన్ వుషి చిలిపితనం, తడుముడులు దాన్ని అమలినం కానివ్వవు. కానీ సగం దాటినా ఇద్దరి మధ్య ప్రేమ అన్న ఊసు తేలకపోవడం, కలిసి నడిచిన దారి, తాగించిన మందు, ఒకరి కోసం ఒకరు ఎత్తిన కత్తి ఇవే ప్రేమకు వ్యక్తీకరణ కావడం ఆ నిగ్రహం నుంచి వచ్చిన సౌందర్యమే. పక్కదారి పట్టి పడకగది వర్ణనలతో అధ్యాయాలు నింపే ఈ ప్రక్రియలోని చాలా నవలల కంటే దీనికి ఆయువు ఎక్కువ ఉంటుందనడానికి అదొక కారణం.

ఇద్దరు మగవాళ్ల గాఢమైన బంధం తెలుగు చారిత్రక నవలకు కొత్త కాదు. విశ్వనాథ ‘ఏకవీర’ మదురై నాయకుల కాలపు కథ. కుట్టాన్, వీరభూపతి ప్రాణ స్నేహితులు. ఒకరు ప్రేమించిన అమ్మాయి, తెలియకుండానే, మరొకరికి భార్య అవుతుంది. 1969లో సి.ఎస్.రావు దాన్ని సినిమాగా తీసినప్పుడు సంభాషణలు రాసింది ఉస్మానియాలో పాఠాలు చెప్పిన సి.నారాయణరెడ్డి. అక్కడ స్నేహం పవిత్రం, ప్రేమ విషాదం, రెండూ వేర్వేరు గదులు. డాన్‌మే ఆ మధ్య గోడను తీసేస్తుంది. అయితే ‘ఏకవీర’లో మీనాక్షి, ఏకవీర ఇద్దరి మనసుల్లోకీ రచయిత దిగుతాడు. మగవాళ్లిద్దరి మీదే దృష్టంతా ఉండే డాన్‌మేలో ఆడపాత్రలు తరచు అట్టముక్కలవుతాయి. మెంగ్ షీ షీ ఈ విషయంలో సగటు కంటే మెరుగు. శత్రు వర్గంలో పెరిగి, తన మెట్లు తాను లెక్కపెట్టుకుంటూ చివరికి ఆ వర్గానికే నాయకురాలయ్యే బై రోంగ్ తెలివైన పాత్ర. శిథిలమైన మఠాన్ని ఒంటిచేత్తో నిలబెట్టే ఝావ్ చియింగ్ గంభీరమైనది. ఇద్దరూ కథకు పక్కనే ఉండిపోతారన్నది నిజం, కనిపించినప్పుడల్లా ఇంకాసేపు ఉంటే బాగుండునని అనిపిస్తారన్నదీ నిజం.

సీరియల్ జబ్బులు మామూలే. మూడో సంపుటం తర్వాత ఎవరి బలం ఎవరికంటే ఎన్నో స్థానమో తేల్చే ద్వంద్వ యుద్ధాలు ఎక్కువవుతాయి. ఒకే తరహా గాయం, ఒకే తరహా కోలుకోవడం. రోజుకో అధ్యాయం చదివినవాళ్లకు ఉత్కంఠ, ఏకబిగిన చదివేవాళ్లకు విసుగు.

ఈ నవలను తెర మీద చూసి తీర్పు ఇవ్వడం సరికాదు. 2021లో వచ్చిన యానిమేషన్‌లో ప్రేమ అంతా గౌరవంగా, చూపులుగా మారిపోయింది. చైనాలో ఈ నవలల నుంచి తీసినవన్నీ అంతే. 2019లో ‘ది అన్‌టేమ్డ్’, 2021లో ‘వర్డ్ ఆఫ్ హానర్’ ప్రేమికులను ప్రాణ స్నేహితులుగానే చూపాయి. 2021 సెప్టెంబరులో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఆ తరహా సీరియళ్లకే అడ్డుకట్ట వేసింది. రాసేవాళ్ల మీద కూడా కత్తి వేలాడుతోంది. 2018లో అన్‌హుయి రాష్ట్రంలో ఒక రచయిత్రికి అశ్లీల సాహిత్యం నేరం కింద పదిన్నరేళ్ల జైలు పడింది. ‘చియన్ చియూ’లోని నిగ్రహంలో ఎంత శిల్పమో ఎంత జాగ్రత్తో విడదీసి చెప్పడం కష్టం. పుటల మీద మిగిలింది మాత్రం శిల్పంగానే చదవబుద్ధి అవుతుంది.

ఐదు సంపుటాల్లో మొదటి రెండు ఏ భాషలోని మంచి చారిత్రక నవల పక్కనైనా నిలుస్తాయి. మూడోది మనసు మీద పనిచేస్తుంది, బుద్ధికి సందేహాలు మిగులుస్తుంది. నాలుగోది సాగదీత. ఐదోదానిలో హులుగు, యన్ వుషి ద్వంద్వ యుద్ధం కోసం ఎదురు చూసిన పాఠకుడికి న్యాయం జరుగుతుంది. పేర్ల చిక్కుతో మొదట్లో వెనకాడేవాళ్లు ఒక కాగితం మీద చౌ, చీ, చెన్ అని మూడు గళ్లు గీసుకుని, కనపడిన ప్రతివాణ్ని ఏదో ఒక గడిలో వేసుకుంటూ పోతే యాభై పుటలు దాటాక ఆ కాగితంతో పని ఉండదు.